బీపీ టేబుల్ దగ్గర ‘రంది’ గురించి అడగడం: ఒక పీహెచ్‌సీ కేస్ స్టడీ

నేను ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) మెడికల్ ఆఫీసర్‌ని. ఇది ఒక పేషెంట్ కేసు. ఆమె వల్ల మా పీహెచ్‌సీ పని తీరు ఎలా మారిందన్నది కూడా ఇందులోనే ఉంది, ఎందుకంటే ఆ రెండూ విడివిడిగా జరగలేదు. రాయడానికి ఆమె అనుమతి తీసుకున్నాను. ఎవరూ గుర్తు పట్టకుండా వయసు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను.

పదకొండు ఓపీ చీటీలు

ఆమెకు 44 ఏళ్ళు. బీడీలు చుడుతుంది. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి కాబట్టి నెలకోసారి మంగళవారం ఎన్‌సీడీ (షుగర్, బీపీ లాంటి దీర్ఘకాలిక జబ్బుల) క్లినిక్‌కి వచ్చి గోలీలు తీసుకుపోవాలి. ఆ రోజు ఫాస్టింగ్ షుగర్ 268, బీపీ 152/96. మందులు వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్నానంది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవర్ ఉంది. అందులోని కాగితాలు ఒక్కొక్కటీ టేబుల్ మీద పరిచాను. మా ఓపీ చీటీలే పదకొండు ఉన్నాయి, ఏడాదిన్నర కాలంలోవి. గుండెల్లో మంటకు పాంటప్రజోల్. మెడ, భుజం నొప్పికి డైక్లోఫెనాక్. అరికాళ్ళ మంటలకు, నీరసానికి బీ కాంప్లెక్స్. గుండె దడకు ఈసీజీ, నార్మల్. వాటితో పాటు టౌన్‌లో ప్రైవేటుగా తీయించుకున్న 2డీ ఎకో, కడుపు స్కానింగ్ రిపోర్టులు. అవీ నార్మలే. ఆ పరీక్షలకు అప్పు చేసింది.

చీటీల్లో సగం నా చేతిరాతే. విడివిడిగా చూస్తే ఏ చీటీలోనూ తప్పు లేదు. పదకొండూ ఒకచోట పెట్టి చూస్తే, ఒకే మాటను పదకొండుసార్లు చెప్పిన మనిషిని పదకొండుసార్లు తిప్పి పంపామని అర్థమైంది.

‘పానం మంచిగుంటలేదు సారూ’ అన్నది ఆ మాట.

ఆ మాట మన దగ్గర ప్రతి ఓపీలోనూ రోజూ వినిపిస్తుంది. గుండె దడ, గ్యాస్, తల బరువు, ఒళ్ళంతా గుంజుడు, నిద్ర పట్టకపోవడం, నరాల బలహీనత అనే రూపాల్లో వస్తుంది. పరీక్షల్లో ఏమీ దొరకదు కాబట్టి ‘నీకేం లేదు, ధైర్యంగా ఉండు’ అని పంపేస్తాం. నొప్పితో వచ్చిన మనిషికి ‘నీకేం లేదు’ అనడమంటే అబద్ధం చెబుతున్నావని అనడమే. అందుకే ఆమె ఇంకో డాక్టర్ దగ్గరికి, ఆ తర్వాత సెలైన్ పెట్టే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తుంది.

ఫారంలో ఉన్న ప్రశ్న, ఊళ్ళో ఉన్న మాట

స్క్రీనింగ్ ఫారాలు లేక కాదు. ఇంటింటి సర్వేలో ఆశాలు నింపే, జబ్బుల ముప్పును అంచనా వేసే సీబీఏసీ ఫారంలోనే డిప్రెషన్‌కు సంబంధించిన రెండు ప్రశ్నలు ఉన్నాయి. రెండు వారాలుగా పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా లేదా నిరాశగా అనిపించిందా అని. ఆమె ఫారం తీసి చూశాను. రెండింటికీ సున్నా. ఆ ఊరి ఫారాలు ఒక కట్ట తిరగేశాను. అన్నీ సున్నాలే. ఆశాల మీద కోపం తెచ్చుకోవడానికి నాకు మనసు రాలేదు. అత్త, ఆడబిడ్డ, పక్కింటి వాళ్ళు చుట్టూ నిలబడి ఉంటే ‘నిరాశగా ఉందా’ అన్న ప్రశ్నకు ఏ కోడలు అవునని చెబుతుంది?

అంతకు కొన్ని నెలల ముందు నేనూ ఇదే పొరపాటు చేశాను. ఎన్‌సీడీ క్యూలో నిలబడ్డ వాళ్ళందరినీ పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక) ప్రశ్నలు వరసగా అడిగించాను. అందరూ లేదు, లేదు అన్నారు. వారం తర్వాత ఆపేశాను.

దారి చూపింది మా స్టాఫ్ నర్స్. ఆమెది ఈ ప్రాంతమే. ‘సారూ, నిస్పృహ అంటే నాకే సమజ్ కాలేదు. రంది ఉన్నదా అని అడుగుండ్రి’ అంది.

రంది, మనాది, బుగులు. ఈ మూడు మాటలు తెలంగాణ పల్లెల్లో పెరిగిన వాళ్ళకు వివరించక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం చెబుతాను. రంది అంటే లోపల తొలుస్తూ ఉండే దిగులు. బుగులు అంటే భయం, గుండె జారిపోయినట్టు ఉండటం. మనాది ఇంకా లోతైనది, మనిషిని లోపలి నుంచి తినేసే బెంగ. ‘మనాదితోటి సన్నబడ్డది’, ‘మనాదితోటి మంచం పట్టిండు’ అంటారు. మనసు బాగోకపోతే ఒంట్లో బాగుండదని వీళ్ళకు మనం కొత్తగా చెప్పాల్సిన పని లేదు. వీళ్ళ మాటలోనే అది ఉంది. మేమే ఆ మాట వదిలేసి పుస్తకం భాషలో అడిగాం.

ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. ‘రంది ఉన్నదా’ అన్నది మాట కలపడానికే. దానికి అవునని చెబితే, ఆ తర్వాత పీహెచ్‌క్యూ-9లోని తొమ్మిది ప్రశ్నలనూ అర్థం మారకుండా, ఒక్కటీ వదలకుండా అడగాలి. స్కోరు 27కి. 10 గానీ అంతకు మించి గానీ వస్తే కూర్చోబెట్టి పూర్తిగా మాట్లాడతాం. స్కోరు ఒక్కటే చూసి జబ్బు ఖాయం చేయం.

అడిగే చోటు కూడా మార్చాం. నా గదిలో ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు. బీపీ చూసే టేబుల్ దగ్గర మాత్రం మనిషి ఒక్కరే కూర్చుంటారు, చెయ్యి సిస్టర్ చేతిలో ఉంటుంది, ఓ నిమిషం కదలకుండా ఉండాలి. కాబట్టి ఆ టేబుల్‌ను గోడ మూలకు జరిపి, అక్కడే అడగడం మొదలుపెట్టాం. అవునన్న వాళ్ళను టీకాల గదిలోకి తీసుకెళ్తాం. టీకాలు బుధ, శనివారాల్లోనే కాబట్టి మంగళవారం ఆ గది ఖాళీ. కొత్త గది గానీ కొత్త పోస్టు గానీ ఏదీ రాలేదు.

టీకాల గదిలో

‘ఏమన్న రంది పెట్టుకున్నవా అక్కా?’ అని సిస్టర్ అడిగింది. ఆమె బీపీ పట్టీ ఉన్న చేతినే చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏడ్చింది.

భర్త పనిచేసే కంపెనీ ఎనిమిది నెలలుగా జీతం సరిగ్గా ఇవ్వట్లేదు. వీసా కోసం ఏజెంటుకు కట్టిన డబ్బు మిత్తికి తెచ్చింది. కూతురి పెళ్ళి బాకీ అలాగే ఉంది. అంతకు ముందు వాడకట్టులో నలుగురు ఆడవాళ్ళతో అరుగు మీద కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ‘మీ ఆయన పైసలు పంపిండా’ అని అడుగుతారని లోపలి గదిలో ఒంటరిగా చుట్టడం మొదలుపెట్టింది. మహిళా సంఘం మీటింగుకు పోవడం మానేసింది. పోయిన బతుకమ్మకు గడప దాటలేదు. ఒంటిపూట తింటోంది. షుగర్ గోలీలు ‘తిన్ననాడు వేసుకుంటా, తిననినాడు వేసుకోను’ అంది. 268 అక్కడి నుంచి వచ్చింది. ఏడాదిగా మేం మాత్రం షుగర్ గోలీ గ్లిమిపిరైడ్ డోసు పెంచుతూ పోయాం. తిండి లేకుండా ఆ గోలీ వేసుకునుంటే షుగర్ పడిపోయేది. ఆమె అవి మానేయడమే ఆమెను కాపాడిందేమో అని ఇప్పటికీ అనుకుంటాను.

స్కోరు 17 వచ్చింది. తొమ్మిదో ప్రశ్న చావు గురించి. చాలామంది డాక్టర్లు అక్కడ ఆగిపోతారు, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. అడగడం వల్ల ఆలోచన పుట్టదు. అడిగితే బరువు దిగుతుంది. ‘బతుకు వద్దు అనిపిస్తదా? ఏమన్న చేసుకుందామని అనుకున్నవా?’ అని సూటిగా అడిగాను. అప్పుడప్పుడు అనిపిస్తుందంది. ఇంట్లో గడ్డి మందు డబ్బా ఉందని, దాన్ని చూసినప్పుడల్లా భయమేస్తోందని తనే చెప్పింది. ఎప్పుడు, ఎలా అన్న ఆలోచన ఇంకా లేదు. ఆమెను అడిగి, అదే ఊళ్ళో ఉండే తమ్ముడికి ఫోన్ చేయించాం. ఆ సాయంత్రమే ఆ డబ్బా ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయింది. ఆ రోజు మేం చేసిన వాటిలో అన్నిటికన్నా విలువైన వైద్యం అదే. రాత్రిపూట మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయమని, తెలుగులోనే మాట్లాడతారని చెప్పి, నంబరును ఆమె ఫోన్‌లో సేవ్ చేసి ఇచ్చాం.

చివర్లో, లేవబోతూ కల్లు మాట చెప్పింది. నిద్ర కోసం రోజూ సాయంత్రం రెండు సీసాలు. తాగకపోతే చేతులు వణుకుతాయట.

మా ప్రాంతంలో ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. చెట్టు కల్లు వేరు, దుకాణంలో దొరికే కల్తీ కల్లు వేరు. అందులో అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఫిట్స్‌తో, మతి తప్పి మాట్లాడుతూ జనం ఆసుపత్రులకు వచ్చారు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల కిక్కిరిసిపోయింది. అందుకే ‘రేపటి నుంచి మానెయ్యి’ అని చెప్పలేదు. ఆ ఒక్క మాట ఆమెకు ఫిట్స్ తెప్పించగలదు.

వైద్యం

మందు రాసే ముందు చూసుకున్నవి: హిమోగ్లోబిన్, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష). శాంపిళ్ళు జిల్లా కేంద్రం ల్యాబ్‌కు పంపాం. హెచ్‌బీఏ1సీ 10.4, థైరాయిడ్ నార్మల్. ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకుండా, అతి హుషారుగా, అతిగా ఖర్చుపెడుతూ ఉందా అని తమ్ముడిని కూడా అడిగాం. బైపోలార్ (ఒకసారి అతి హుషారు, ఇంకోసారి దిగులు వచ్చే జబ్బు) ఉన్న మనిషికి తెలియక యాంటీ డిప్రెసెంట్ ఇస్తే ఉన్మాదం వైపు తోసినట్టవుతుంది.

కల్లు విషయంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సైకియాట్రిస్ట్‌తో ఫోన్‌లో మాట్లాడాను. ఆయన చెప్పిన లెక్క ప్రకారం కల్లులోని మత్తుకు బదులుగా రాత్రిపూట డయాజెపామ్ పెట్టి, వారం వారం తగ్గిస్తూ, కల్లునూ మెల్లగా తగ్గించాం. గోలీలు మూడు రోజులకు సరిపడానే తమ్ముడి చేతికి ఇచ్చేవాళ్ళం. ఫిట్స్ వచ్చినా, మాట తేడాగా ఉన్నా వెంటనే 108 పిలవమని చెప్పాం.

డిప్రెషన్‌కు ఫ్లూయాక్సెటిన్ 20 మిల్లీగ్రాములు, పొద్దున తిన్న తర్వాత. అరికాళ్ళ మంటలకూ పనికొస్తుందని అమిట్రిప్టిలిన్ అనే ఇంకో డిప్రెషన్ మందు ఇద్దామనిపించింది గానీ, చావు ఆలోచన ఉన్న మనిషి చేతిలో అది ప్రమాదకరం. మోతాదు మించితే గుండెను దెబ్బతీస్తుంది. అందుకే వద్దనుకున్నాను. ఇంకొకటి, ఆమె వాడుతున్న డైక్లోఫెనాక్ ఆపించాను. ఫ్లూయాక్సెటిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. పైగా షుగర్, బీపీ ఉన్నవాళ్ళ కిడ్నీలకు డైక్లోఫెనాక్ ఎలాగూ మంచిది కాదు. నొప్పికి పారాసిటమాల్ ఇచ్చాం. గ్లిమిపిరైడ్ తగ్గించాం, ఎందుకంటే ఫ్లూయాక్సెటిన్ షుగర్‌ను ఇంకాస్త కిందికి దించగలదు.

మాటల వైద్యం సిస్టర్ చేసింది. పెద్ద కౌన్సెలింగ్ ఏమీ కాదు. వారానికొకసారి, 20 నిమిషాలు. మానేసిన పనుల్లో ఏ ఒక్కటి మళ్ళీ మొదలుపెట్టగలవు అన్నదే ప్రశ్న. ‘బుద్ధి పుట్టినంక చేస్త’ అనేది ఆమె. చేస్తూ ఉంటే బుద్ధి పుడుతుందన్నది ఈ పద్ధతికి ఆధారం. సంఘం మీటింగు వద్దంది, అక్కడ అందరూ అడుగుతారని. సరే, అరుగు? పొద్దున ఒక్క గంట, మిగతా రోజంతా లోపలే. ఒక్కరితోనే, తనకు బాగా దగ్గరైన పక్కింటామెతో. అక్కడికి ఒప్పుకుంది.

గోవాలో ఇదే తరహాలో డాక్టర్లు కాని సాధారణ కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పెట్టారు. 2010లో వచ్చిన ఆ ఫలితాల్లో, ప్రభుత్వ కేంద్రాలకు వచ్చిన వాళ్ళలో కోలుకున్నవాళ్ళు పెరిగారని తేలింది. షుగర్‌తో పాటు డిప్రెషన్ ఉన్నవాళ్ళ మీద చెన్నై, బెంగళూరు, ఢిల్లీతో పాటు మన విశాఖపట్నంలోని క్లినిక్‌లో చేసిన అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. అక్కడ కేర్ కోఆర్డినేటర్లు పేషెంట్లను వదలకుండా వెంటపడి చూసుకోవడం, పెద్ద డాక్టర్లు వెనక నుంచి సలహా ఇవ్వడం కలిసి, మనసూ షుగరూ రెండూ మెరుగయ్యాయి. ‘వెంటపడి’ అన్న మాట ఎంత ముఖ్యమో నాకు ఆమె విషయంలోనే తెలిసింది.

పదో రోజు

రెండో మంగళవారం ఆమె రాలేదు. మూడో మంగళవారమూ రాలేదు. ఆ రోజుల్లో ఓపీ ఒత్తిడిలో మేం గమనించనే లేదు. గమనించడం ఎవరి పనో మేం రాసుకోలేదు. డయాజెపామ్ కోసం వచ్చే తమ్ముడు కూడా ఆగిపోయాక, అప్పుడు తట్టింది సిస్టర్‌కు.

ఫోన్ చేస్తే తెలిసింది ఇది. ఫ్లూయాక్సెటిన్ వేసుకున్న మొదటి వారంలో కడుపులో తిప్పినట్టయింది. రంది ఏమీ తగ్గలేదు. ఊరి ఆర్‌ఎంపీ ఆ స్ట్రిప్ చూసి, ‘ఇవి మెంటల్ గోలీలు, అలవాటైతయ్’ అన్నాడు. ఎనిమిదో రోజు ఆపేసింది. మేం చెప్పాల్సిన రెండు ముక్కలు గట్టిగా చెప్పలేదు. ఈ మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కడుపులో తిప్పడం మొదట్లోనే ఉండి పోతుంది. మందు మంచి చేయకముందే ఇబ్బంది పెట్టే ఆ మొదటి పది రోజులే అసలైన గండం. ఆ పది రోజుల్లో మేం కనపడలేదు. అది మా తప్పు. అదృష్టం బాగుండి ఆమెకు ఏమీ కాలేదు.

అప్పుడు పెట్టిందే ఇప్పటి రిజిస్టర్. ఒక మామూలు లాంగ్ నోట్‌బుక్. ప్రతి పేషెంటుకు నాలుగో రోజు, పదో రోజు, నాలుగో వారం అని మూడు గడులు. ప్రతి గడికీ ఫోన్ చేసిన తారీకు, చేసిన వాళ్ళ సంతకం. సోమవారం మధ్యాహ్నం ఖాళీ గడులు నేను చూస్తాను. మా దగ్గర మానసిక వైద్యం ప్రాథమిక వైద్యంలో కలిసింది ఆ రోజే అని నేను అంటాను. స్క్రీనింగ్‌తోనో, ట్రైనింగ్ సర్టిఫికెట్‌తోనో కాదు. ఒక గడి ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి రావడంతో.

ఫోన్ ఎవరు చేయాలన్నది ఇంకో చిక్కు. మామూలుగా ఆశా ద్వారా కబురు పంపుతాం. ఆ ఊరి ఆశా ఈమెకు వరసకు వదిన. ‘ఆమెకు తెలిస్తే ఊరందరికీ తెల్సినట్టే’ అంది. ఆశా మంచి మనిషే. కానీ తన సంగతి ఎవరికి తెలియాలో తేల్చుకునే హక్కు పేషెంటుది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమూ గోప్యతను హక్కుగానే చెబుతుంది. అందుకే మొదటి రోజే ‘నీకు ఎవరు ఫోన్ చేయాలి, ఏమని అడగాలి’ అని పేషెంటునే అడుగుతున్నాం. ఈమె కోరింది: సిస్టరే చేయాలి, ‘షుగర్ గోలీ వేసుకుంటున్నవా’ అని అడగాలి. ఇంట్లో ఎవరు విన్నా ఇబ్బంది లేదు. అవునంటే రెండు మందులకూ అవునని.

ఆర్‌ఎంపీ దగ్గరికి నేనే వెళ్ళాను. గొడవకు కాదు. అర్ధరాత్రి ఊళ్ళో పలికేది ఆయనే, ఆయన్ని తీసేసి ఈ పని జరగదు. అలవాటయ్యేది కల్లులోని అల్ప్రాజోలం గానీ ఈ గోలీ కాదని, అయితే ఉన్నట్టుండి ఆపకూడదని వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నారు. ఆ తర్వాత ఇద్దరిని ఆయనే మా దగ్గరికి పంపారు.

ఆమె ఎలా ఉంది

మళ్ళీ మొదలుపెట్టించాం. పదో రోజు ఫోన్‌లో ‘కడుపుల తిప్పుడు తక్వైంది, రంది అట్లనే ఉన్నది’ అంది. నాలుగో వారానికి నిద్ర కాస్త కుదిరింది. స్కోరు 12. పన్నెండో వారానికి 6. రెండుపూటలా తింటోంది, గోలీలు లెక్కపెట్టి చూస్తే సరిపోతున్నాయి. హెచ్‌బీఏ1సీ 8.3కు వచ్చింది. ఫ్లూయాక్సెటిన్ షుగర్ తగ్గించిందని నేను అనను. తినే మనిషి, మందులు వేసుకునే మనిషి తిరిగొచ్చింది, అంతే. పూర్తిగా కోలుకున్నాక కూడా మరో 9 నెలలైనా మందు కొనసాగించాలని చెప్పాం.

పొద్దున పూట అరుగు మీదే ఉంటుంది. సంఘం మీటింగుకు ఇంకా వెళ్ళట్లేదు. కల్లు రోజూ లేదు, ఆదివారం ఒక సీసా ఉంది. అప్పు అప్పుగానే ఉంది. దానికి నా దగ్గర మందు లేదు. సంఘం ద్వారా తక్కువ వడ్డీకి లోను మార్చుకునే దారి ఉందని సిస్టర్ చెప్పి చూస్తోంది.

మానసిక వైద్యాన్ని పల్లె దాకా తేవాలన్న జాతీయ కార్యక్రమం 1982 నాటిది. బళ్ళారి జిల్లాలో ప్రయోగం చేసి చూశాక, 1996లో జిల్లా కార్యక్రమం మొదలైంది. మొదటి విడత జిల్లాల్లో మా పక్కనున్న మెదక్ ఒకటి. ఇన్నేళ్ళ తర్వాత, 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్ళలో దాదాపు 85 శాతానికి వైద్యం అందట్లేదని తేలింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. పీహెచ్‌సీలో పనిచేసే తోటి డాక్టర్లకు ఒక్కటే చెబుతాను: సైకియాట్రిస్ట్ వచ్చేదాకా ఆగకండి, కానీ ఫోన్‌లో అందుబాటులో ఉండే ఒక సైకియాట్రిస్ట్ లేకుండా మొదలుపెట్టకండి. లేనివి వినిపించే వాళ్ళు, బైపోలార్ అనుమానం ఉన్నవాళ్ళు, చావుకు ఏర్పాట్లు చేసుకున్న వాళ్ళు, బాలింతల్లో తీవ్రంగా ఉన్నవాళ్ళు మా దగ్గర ఆగరు, అదే రోజు జిల్లా ఆసుపత్రికి వెళ్తారు, వెంట ఒకరితో.

మాకు ఇంకా చేతకానిది మగవాళ్ళ సంగతి. బీపీ టేబుల్ దగ్గర వాళ్ళు ‘రంది ఏం లేదు సిస్టర్’ అని లేచిపోతారు. వాళ్ళ రంది కల్లు దుకాణంలోనే బయటపడుతుంది. అక్కడికి మేం ఇంకా చేరలేదు.

ఈ మధ్యే మా సిస్టర్‌కు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది. వెళ్ళేలోగా రెండో స్టాఫ్ నర్స్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, నాలుగు మంగళవారాలు టీకాల గదిలో మాట్లాడే తీరు చూపించింది. రిజిస్టర్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి, ఇక మీదట ఫలానా సిస్టర్ చేస్తుంది, నీకు సమ్మతమేనా అని అడిగింది. ఈమె వెంటనే ఒప్పుకోలేదు. కొత్త సిస్టర్‌ను ఒకసారి చూశాకే చెబుతానంది. వచ్చే మంగళవారం వస్తోంది.